యంత్రమే బడిగా చదువుకొన్న జి. డి. నాయుడుగారు

మహాపురుషుల చరిత్రములనగానే దూరదేశములవారి చరిత్రములే మన విద్యార్థుల స్మృతికి వచ్చును. ఎడిసను, ఫోర్డు మొదలగువారి పేర్లు పాఠ్యపుస్తకములందు చదివి, వారు వేరొక లోకమువారని తలచి ఊరకుందురు. కాని తెలుగు కుటుంబములు తరతరములుగా నివసించుచున్న ఈ కొంగునాటనే, మన ఇండ్లవంటి ఇంట పుట్టి, బడిలో నిలువలేక బయటకు వచ్చి, చేతిపనివలననే దేశమంతట పేరు పొందిన మహనీయుడొకరు కలరు. ఆయనయే జి. డి. నాయుడుగారు. జనులు ఆయనను భారతదేశపు ఎడిసనని పిలిచిరి. ఆయన గతించి ఐదు దశాబ్దములు దాటినది. కోయంబత్తూరులో ఆయన పేరు వినని వారరుదు. కాని ఆయన నేర్చుకొన్న తీరెట్టిదో ఆలోచించినవారు కొలదిమంది. దానిని విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును తెలుపుటయే మా యుద్దేశము.

గోపాలస్వామి దొరస్వామి నాయుడు అనునది ఆయన పూర్తి పేరు. 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీన కోయంబత్తూరు సమీపమున గల కలంగల్ గ్రామమునందు ఒక రైతు కుటుంబమున ఆయన జన్మించిరి. విజయనగర రాజుల కాలమునను, నాయక రాజుల కాలమునను దక్షిణమునకు తరలివచ్చి, నల్లరేగడి నేలలను సాగుచేసికొని స్థిరపడిన తెలుగు రైతుల సంతతివారు ఈ ప్రాంతమున పెక్కుమంది కలరు. వారు ఇంట తెలుగును, వీధిలో తమిళమును పలుకుచు రెండు భాషలను రెండు కన్నులవలె కాపాడుకొనుచు వచ్చిరి. నాయుడుగారి కుటుంబమును అట్టిదే. మేము పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొందిన కాలమున, తమిళదేశమునందును తెలుగువారున్నారా యని మా సహాధ్యాయులు ఆశ్చర్యపడుచుండిరి. వారికి మేము ముందుగా చెప్పిన పేరు నాయుడుగారిదే.

పుట్టిన కొలది కాలమునకే ఆయన తల్లిని కోల్పోయిరి. బాల్యమున ఆయనకు బడి యనిన సరిపడలేదు. బల్లపై కూర్చుండి చెప్పినది వల్లించుట ఆయన స్వభావమునకు విరుద్ధము. ఉపాధ్యాయులపై ఇసుక చల్లి పారిపోయెనని కూడ ఆయన బాల్యమునుగూర్చి చెప్పుదురు. ఈ మాట చదివి మన విద్యార్థులు నవ్వుకొందురని మాకు తెలియును. నవ్వుకొనుడు, కాని ఆ తరువాతి కథను కూడ చదువుడు. బడిని విడిచిన ఆ బాలుడు చదువును విడువలేదు. పొలము పనులు చూచుకొనుచు, చేతికి చిక్కిన పుస్తకములను తనంతట తానే చదువుకొనుచు, కనబడిన ప్రతి వస్తువును ఇది ఎట్లు పనిచేయునని ప్రశ్నించుకొనుచు పెరిగిరి.

ఆయన యౌవనమున అడుగిడిన దినములలో ఒక ఆంగ్లేయ అధికారి మోటారు సైకిలుపై ఆ గ్రామ ప్రాంతమునకు వచ్చెను. ఎద్దుబండ్లు తప్ప వేరు వాహనము నెరుగని ఆ పల్లెలో, ఎద్దులు గాని గుఱ్ఱములు గాని లాగకయే తనంతట తాను పరుగెత్తు ఆ బండి గొప్ప వింతగా తోచెను. అది ఇంగ్లండులోని కోవెంట్రీ నగరమున తయారైన రడ్జ్ అను జాతి మోటారు సైకిలు. తక్కినవారు దానిని చూచి వింతపడి తమ పనులకు పోయిరి. నాయుడుగారు మాత్రము పోలేదు. ఆ బండి లోపల నేమున్నదో తెలిసికొనవలెనను కోరిక ఆయనను పట్టుకొనెను, జీవితాంతము విడువలేదు.

కోరిక కలుగుట సులభము. దానికి వెల చెల్లించుట కష్టము. నాయుడుగారు ఇల్లు విడిచి కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో వడ్డన పనికి కుదిరిరి. రైతు బిడ్డ పరుల ఎంగిలి విస్తళ్లు తీయుటయా యని ఆయన సిగ్గుపడలేదు. సుమారు మూడేండ్లు అట్లు శ్రమించి, కాసు కాసు కూడబెట్టి, దాదాపు 400 రూపాయలు సమకూర్చుకొని, ఆ ఆంగ్లేయుని యొద్దకే పోయి ఆ మోటారు సైకిలునే కొనిరని చెప్పుదురు. ఆ కాలమున అది చిన్న మొత్తము కాదు. ఇంటివారు దానితో కొంత భూమి కొనవచ్చునని తలచియుందురు.

కొన్న బండినెక్కి ఊరెల్ల తిరుగుటకు బదులు, నాయుడుగారు దానిని భాగభాగములుగా విప్పివేసిరి. విప్పి, మరల బిగించిరి. ఇందలి విశేషమును గమనింపవలెను. యంత్రమును విప్పుట ఎవరైనను చేయగలరు. మరల కూర్చి నడిపించుటలోనే విద్య యున్నది. ఏ మర ఏ రంధ్రములోనిదో, ఏ చక్రము దేనికి ముందో, ఏ భాగమును తీయగా ఏది వదులైనదో జ్ఞాపకముంచుకొననిచో, చివరకు నేలపై ఇనుప ముక్కల కుప్ప మిగులును. విప్పునపుడు వరుసగా పేర్చి, బిగించునపుడు ఆ వరుసను తలక్రిందులుగా అనుసరింపవలెను. వ్యాకరణము నేర్చువాడు పదమును విడదీసి సంధిని గుర్తించి మరల కలుపునట్లే, ఆయన యంత్రమును విడదీసి కలిపి దాని వ్యాకరణమును గ్రహించిరి. గురువు లేడు, పాఠము లేదు. బండియే బడియైనది.

అటుపిమ్మట ఆయన జీవితము నేరుగా పైకి పోయినదని తలపవలదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలమున ప్రత్తి వ్యాపారమునందు దిగి కొంత ధనము గడించి, బొంబాయికి పోయి అచ్చట దానిని పోగొట్టుకొని తిరిగి వచ్చిరి. చేతిలో మిగిలినది మోటారు విద్య యొక్కటియే. కోయంబత్తూరులో వ్యాపారము చేయుచుండిన రాబర్ట్ స్టేన్స్ అను ఆంగ్లేయుడు ఆయన నైపుణ్యమును గుర్తించి, అప్పిచ్చి సాయపడెను. ఆ సాయముతో నాయుడుగారు 1920వ సంవత్సరమున ఒక బస్సును కొని, పొల్లాచి నుండి పళనికి నడుపసాగిరి. బండికి యజమాని తానే, చోదకుడు తానే, మరమ్మతు చేయువాడును తానే.

పొల్లాచి నుండి పళనికి సుమారు 40 మైళ్లు. పళని సుబ్రహ్మణ్యస్వామి దర్శనమునకు పోవు యాత్రికులు ఆ మార్గమున ఎల్లప్పుడు ఉందురు. నేటి తారురోడ్డును తలచుకొని నాటి ప్రయాణమును ఊహింపరాదు. అది కంకరబాట, ఎండకాలమున దుమ్ము, వానకాలమున బురద. ఇంజను కదలవలెనన్న ముందు నిలిచి ఇనుప చేతికఱ్ఱను త్రిప్పవలెను. అది వెనుకకు తన్నినచో చేయి విరుగును. దారిలో నీరు మరిగి పొంగును; చక్రముల గాలి పోవును. ఇక గేరు మార్చుట యనునది పెద్ద విద్య. నాటి గేరుపెట్టెలో పండ్లచక్రములు ఒకదానిలోనికొకటి జరిగి కలియవలసి యుండెను. తిరుగుచున్న రెండు చక్రముల వేగము సరిపోలనిచో పండ్లు గరగరమని ఒరసికొని విరుగును. అందువలన చోదకుడు క్లచ్చిని త్రొక్కి విడిచి, ఇంజను వేగమును సవరించి, మరల త్రొక్కి, చెవితో విని, చేతితో గేరును కలుపవలెను. చెవిలేని చోదకుడు నెలకొక గేరుపెట్టెను పాడుచేయును.

ఈ బాధను తొలగించుటకు అమెరికాలో పెక్కు ప్రయత్నములు జరిగినవి. 1928లో కాడిలాక్ కార్లయందు చక్రముల వేగమును ముందుగా సమానము చేయు ఏర్పాటు వచ్చినది. 1939లో ఓల్డ్స్‌మొబీల్ కార్లకు హైడ్రామాటిక్ అను స్వయంచాలక గేరుపెట్టెను ప్రకటించిరి. దానిలో క్లచ్చిని త్రొక్కు పనియే లేదు. ఎదురెదురుగా రెండు విసనకఱ్ఱలను ఉంచి ఒకదానిని త్రిప్పినచో ఆ గాలికి రెండవదియు తిరుగును గదా! అట్లే ఇంజను త్రిప్పు రెక్కలు నూనెను విసరగా, ఆ నూనె వేగమువలన ఎదుటి రెక్కలు తిరిగి బండిని కదలించును. బండి వేగమును, ఇంజనుపై పడు భారమును అనుసరించి నూనె ఒత్తిడియే గేరులను మార్చును.

అట్టి పాత కార్లు నేడు మరమ్మతుశాలలకు వచ్చునపుడు మంచి మెకానిక్కు పనిచేయు పద్ధతిని మన విద్యార్థులు తెలిసికొనవలెను. ఏలయన అది నాయుడుగారి మార్గమే. గేరు ఆలస్యముగా మారుచున్నదనియో, మారునపుడు కుదుపు వచ్చుచున్నదనియో, ఇంజను అరచుచున్నను బండి సాగుటలేదనియో యజమాని చెప్పును. అవివేకి వెంటనే పెట్టెను క్రిందికి దింపి విప్పును. వివేకి మొదట బండిని తాను నడిపి, ఏ గేరు నుండి ఏ గేరునకు మారునపుడు, చల్లగా నున్నపుడా వేడెక్కిన పిమ్మటనా, దోషము కనబడుచున్నదో కనిపెట్టును. పిదప కొలబద్దను తీసి నూనెను చూచును. నూనె తగ్గినచో ఒత్తిడి చాలక గేరు జారును. మితిమీరినచో నురుగెత్తి అదియు చేటే. ఎఱ్ఱగా తేటగా నున్న నూనె మంచిది. నల్లబారి మాడిన వాసన కొట్టినచో లోపలి పట్టీలు గాని పలకలు గాని కాలుచున్నవని అర్థము. పాలవలె తెల్లబారినచో నీరు కలిసినదని తెలియవలెను.

నూనె సరిగా నున్నచో, బయటి కడ్డీలను, తీగలను చూడవలెను. త్రొక్కుడు బిళ్ల నుండి గేరుపెట్టెకు పోవు తీగ సాగినను, కొన్ని కార్లలో ఇంజను నుండి పోవు రబ్బరు గొట్టము పగిలినను, ఇంజనుపై ఎంత భారమున్నదో గేరుపెట్టెకు సరిగా తెలియక, గేరు వేళకు మారదు. కొలది రూపాయల గొట్టమును మార్చినచో చాలు, వేల రూపాయల పని తప్పును. పిదప అడుగు పళ్లెమును దింపి వడపోత జల్లెడను, పళ్లెములో చేరిన రజనును పరీక్షింపవలెను. ఇనుప రజనా, పలకల పొట్టా యని చూచినచో లోపలి సంగతి సగము తెలియును. పట్టీల బిగువును సవరించుట ఆ తరువాతి పని. ఇవియన్నియు అయిన పిమ్మటనే పెట్టెను విప్పుట. బయటి నుండి లోపలికి, చౌక నుండి ఖరీదునకు, ఒకసారి ఒక్క మార్పు మాత్రమే చేయుచు పోవలెను. రెండు మార్పులు ఒకేసారి చేసినచో, ఏది దోషమును పోగొట్టినదో తెలియదు. తెలియనివాడు మరుసటిసారి మరల మొదటికే వచ్చును.

ఈ పరిశీలనాబుద్ధియే నాయుడుగారి మూలధనము. ఒక్క బస్సుతో మొదలైన ఆయన సంస్థ యూనివర్సల్ మోటార్ సర్వీసు, అనగా యు. ఎం. ఎస్., అను పేర పెరిగి, 1933 నాటికి సుమారు 280 బస్సులు గలదైనది. బస్సులు గడియారమువలె వేళకు వచ్చి వేళకు పోవుటకు అది ప్రసిద్ధి పొందెను. వేళకు నడచు బస్సనగా మంచి చోదకుడు మాత్రమే కాదు; ముందుగానే దోషమును గుర్తించి సరిచేయు మరమ్మతుశాల వెనుక నుండవలెను. దారిలో చెడిన పిమ్మట బాగుచేయుట సామాన్యుని పని; చెడకముందే చెడునని కనిపెట్టుట విద్యావంతుని పని.

తరువాత నాయుడుగారు జర్మనీ, ఇంగ్లండు, అమెరికా మొదలగు దేశములలో తిరిగి యంత్రశాలలను చూచిరి. కోటలను, రాజభవనములను చూచుటకంటె కార్ఖానాలలో పనివారి చేతులను చూచుటయందే ఆయనకు మక్కువ. 1936లో లండనులో జరిగిన అయిదవ జార్జి చక్రవర్తి అంత్యయాత్రను తన కెమెరాతో చలనచిత్రముగా తీసిరి. జర్మనీలోని హైల్‌బ్రాన్ నగరమున తయారైన చిన్న మోటారును అమర్చి, బ్యాటరీలతో నడచు క్షౌరయంత్రమును రూపొందించిరి. అది రసంత్ అను పేర ప్రసిద్ధమైనది. మిక్కిలి పలుచని క్షౌరపు బ్లేళ్లు, పండ్ల రసము తీయు యంత్రము, కిరసనాయిలుతో తిరుగు పంకా, మోసమునకు తావీయని ఓట్ల యంత్రము మొదలగునవి ఆయన బుద్ధి నుండి వెలువడినవి. ఇవియన్నియు సామాన్యుని ఇంటి అవసరములను చూచి చేసినవే.

మన ప్రాంతమునకు ఆయన చేసిన గొప్ప మేలు వేరొకటి కలదు. 1937లో డి. బాలసుందరం నాయుడుగారును ఈయనయు కలిసి మన దేశమున తయారైన మొదటి విద్యుత్ మోటారును కోయంబత్తూరులో వెలువరించిరి. అంతవరకు మోటారు అనగా ఓడలో రావలసిన వస్తువు. ఇక్కడి బావులు మిక్కిలి లోతైనవి. ఎద్దులతో మోట తోలి ఎంత నీరు తీయగలరు? మోటారు వచ్చిన పిదప బావి నీరు పొలమున పారినది. నేడు కోయంబత్తూరు మోటార్లకును పంపులకును దేశమంతట పేరు పొందినదనిన, ఆ విత్తనము నాడు నాటినదే.

1952లో ఆయన ఇద్దరు కూర్చుండదగిన చిన్న పెట్రోలు కారును తయారుచేసి, 2000 రూపాయలకే అమ్మవచ్చునని చూపిరి. కాని దానిని పెద్ద ఎత్తున తయారుచేయుటకు ప్రభుత్వపు అనుమతి లభింపలేదు. అది ఆయనకు తీరని మనస్తాపము కలిగించెను. నాటి ప్రభుత్వము ఎవరు ఏ వస్తువు నెంత తయారుచేయవలెనో తానే నిర్ణయించు విధానమును అనుసరించుచుండెను. ఆ విధానమునకు దాని కారణములు దానికుండవచ్చును; అయినను ఒక చవుక కారు సామాన్యుని ముంగిటికి వచ్చు అవకాశము తప్పిపోయినదనుట సత్యము. యంత్రము చెడినచో ఆయన బాగుచేయగలరు. కాగితముపై పడని ముద్రను ఆయన ఏమి చేయగలరు?

విద్యావిషయమున ఆయన అభిప్రాయములు తీవ్రమైనవి. 1945లో ఆయన ప్రయత్నమున, నాటి మదరాసు గవర్నరు పేర, ఆర్థర్ హోప్ సాంకేతిక కళాశాల కోయంబత్తూరున వెలసెను. అదియే పిమ్మట ప్రభుత్వ సాంకేతిక కళాశాలయై నేటికిని నడచుచున్నది. నాలుగేండ్ల చదువులో చాల కాలము వ్యర్థమగుచున్నదనియు, పనితో కలిపి నేర్పినచో రెండేండ్లు చాలుననియు ఆయన వాదించిరి. ప్రభుత్వమువారు అంగీకరింపకపోగా, ఆయన ఆ కళాశాలతో సంబంధమును వదలుకొనిరి. రెండేండ్లు చాలునా చాలదా యనునది పెద్దలు తేల్చవలసిన విషయము. చేయి పెట్టని చదువు సగము చదువే యనుటలో మాత్రము మాకు సందేహము లేదు.

రైతు బిడ్డ గనుక ఆయన నేలను మరువలేదు. ప్రత్తి, బొప్పాయి, జొన్న మొదలగు పైరులపై ప్రయోగములు చేసి, మనిషి ఎత్తును మించిన ప్రత్తి మొక్కలను పెంచి చూపిరి. పేదవారికి పని నేర్పుటకును, కార్మికుల క్షేమమునకును సంస్థలను స్థాపించిరి. 1974వ సంవత్సరము జనవరి 4వ తేదీన, 80 ఏండ్లు నిండిన వయస్సున, ఆయన పరమపదించిరి. కోయంబత్తూరులో అవినాశి రోడ్డుపై ఆయన పేర వెలసిన ప్రదర్శనశాలలో ఆయన నిర్మించిన యంత్రములు, సేకరించిన వస్తువులు నేటికిని ఉన్నవి. పాత కార్లను భద్రపరచిన ప్రదర్శనశాల కూడ 2015లో అచ్చట తెరువబడినది. తల్లిదండ్రులు సెలవు దినమున పిల్లలను అచ్చటకు తీసికొనిపోవుట మంచిది.

ఇప్పుడు ఒక ప్రశ్నకు సమాధానము చెప్పవలసి యున్నది. నాయుడుగారు బడి మానియే ఇంతవారైరి గదా, మేము మాత్రము ఏల చదువవలెనని కొందరు విద్యార్థులు తలపవచ్చును. బడి మానిన బాలురు ఆ కాలమున వేలకొలది యుండిరి. అందు నాయుడుగారు ఒక్కరే. వారిలో ఆయనను వేరుచేసినది బడి మానుట కాదు. మూడేండ్లు విస్తళ్లు తీసి ఒక ప్రశ్నకు సమాధానము కొనుట ఆయనను వేరుచేసినది. అట్టి పట్టుదల గలవానికి బడి అడ్డు కాదు, తోడగును. పైగా తాను బడిలో నిలువలేకపోయినను, పరుల బిడ్డల కొరకు కళాశాలను నెలకొల్పుటకు ఆయన పాటుపడిరి. చదువు అక్కరలేదని తలచినవాడు ఆ పని చేయునా?

తల్లిదండ్రులకును ఒక మాట మనవి చేయుదుము. కుమారుడు మరమ్మతుశాలలో నూనె చేతులతో నిలిచినచో చిన్నతనమని, బల్ల వెనుక కూర్చుండినచో గౌరవమని తలచు అలవాటు మనలో ఇంకను పోలేదు. మాతృభాషలో చదివిన పిల్లవాడు పైకి రాడను భయము దానికి తోడగుచున్నది. ఈ రెండు భయములకును నాయుడుగారి జీవితమే సమాధానము. ఇంట తెలుగు పలికినంతమాత్రమున ఆయనకు ఏ ద్వారమును మూయబడలేదు. చేతులకు మసి అంటినంతమాత్రమున ఆయన గౌరవము తగ్గలేదు. ఇంటిలో చెడిన గడియారమును గాని పంకాను గాని పిల్లవాడు విప్పి చూడగోరినచో, విద్యుత్తీగను తొలగించి, ప్రక్కన కూర్చుండి, విప్పనిండు. విప్పిన వరుసను కాగితముపై తెలుగులో వ్రాసికొమ్మని చెప్పుడు. మొదటిసారి ఒక మర మిగిలిపోవచ్చును. రెండవసారి మిగులదు.